చప్పిడి డబ్బాలు

మొన్న కోదాడ దాటగానే మా బస్సు టైరు పంక్చరయింది. డ్రైవరూ కండక్టరూ దాన్ని విప్పే పనిలో పడితే, మేమంతా దిగి రోడ్డు పక్కన వేపచెట్టు కింద నిలబడ్డాం. కాస్త అవతల ఒక లారీ ఆగి ఉంది. దాని నీడలో తుండుగుడ్డ పరుచుకుని లారీ డ్రైవరు స్టీలు డబ్బా మూత తీశాడు. పెరుగన్నం. మొదటి ముద్ద తీసి లారీ బంపరు మీద పెట్టాడు. ఆ తర్వాతే తన నోట్లో పెట్టుకున్నాడు.

పక్కనున్న రాయి మీద కూర్చుండిపోయాను. లారీకి ముద్ద పెట్టి తినే మనిషిని అంతకు ముందు నా జన్మలో ఒక్కరినే చూశాను.

ఆయన మా ఆయనకు అన్న, నాకు బావగారు. పేరు చెప్పను. మా ఇళ్లలో తమ్ముడి భార్య బావగారి పేరు పలకదు. బతికున్నప్పుడు నోట రాని పేరు ఇప్పుడు మీకోసం ఎందుకు పలుకుతాను? పేరే కాదు, ఎదుట పడకూడదు, ముఖంలో ముఖం పెట్టి మాట్లాడకూడదు. తమ్ముడి పెళ్లాం కూతురితో సమానం అట. కూతురితో అయితే మాట్లాడొచ్చు కదా అని కాపురానికి వచ్చిన కొత్తలో మా ఆయన్ని అడిగాను. "గట్లనే ఉంటది" అన్నాడు. మా ఆయన దగ్గర లోకంలోని అన్ని ప్రశ్నలకూ అదే జవాబు.

అందుకని సూర్యాపేటలోని ఆ రెండు గదుల ఇంట్లో నేను బావగారితో కుండ ద్వారా మాట్లాడేదాన్ని. ఆయన నాతో తువ్వాల ద్వారా మాట్లాడేవాడు.

మనిషి ఆరడుగులు. చేతులు రోకళ్లు. ఒంటి మీద ఎప్పుడూ బొగ్గు మసి. ఆ రోజుల్లో యుద్ధం మూలాన పెట్రోలు దొరక్క లారీలను బొగ్గు మీద నడిపేవాళ్లు. కేబిన్ వెనక నిలువెత్తు ఇనుప పీపా ఉండేది. అందులో బొగ్గు మండించి, దాంట్లోంచి వచ్చే గ్యాసుతో ఇంజను తిప్పేవాళ్లు. కొంత దూరం పోగానే ఆగాలి, బొగ్గు వేయాలి, సీకుతో పొడవాలి, నీళ్లు పోయాలి. మిర్యాలగూడ మిల్లుల నుంచి బియ్యం పట్నానికి, బెజవాడ నుంచి ఉప్పు బస్తాలు కోదాడ మీదుగా ఇటువైపుకు. ఏడాది పొడుగునా అదే తిరుగుడు. భార్య కాన్పులో పోయిందట, నేను రాకముందే. మళ్లీ పెళ్లి మాట ఎత్తితే లారీ వైపు చూపించి నవ్వేవాడు.

ఆయనకు ఒక మాట ఉండేది. "ఏం గాలె." ఏమీ కాలేదు అని. హ్యాండిల్ తిప్పుతుంటే ఇంజను ఎదురుతన్ని మణికట్టు విరిగినా, "ఏం గాలె". బొగ్గు పీపా మూత తగిలి మోచేయి బొబ్బలెక్కినా, "ఏం గాలె". భార్య పోయిన నాడు పలకరించడానికి వచ్చినవాళ్లతో కూడా అదే అన్నాడని మా ఆయన చెబితే నాకు ఒళ్లు మండింది. ఏం గాలె ఏమిటి, ఇల్లాలు పోతే? నొప్పి అని నలుగురి ముందు ఒక్క మాటంటే మగతనం ఊడి కింద పడుతుందా? నొప్పి వచ్చినప్పుడు ఆయన చేసేదల్లా ఎడమ పిడికిలి పక్కటెముకల కింద గుచ్చి పెట్టుకుని, ఆకాశం వైపు చూడడం. వాన వస్తుందేమో అని చూస్తున్నట్టు ఉండేది.

తిండి సంగతి అడక్కండి. లారీకి మాత్రం నీళ్లు, బొగ్గు, నూనె పూటపూటకూ, తడవతడవకూ. తనకు మాత్రం బీడీ, చాయ్, ఎక్కడన్నా మిరపకాయ బజ్జీలు. రోజంతా కడుపు మాడ్చి, ఇంటికి చేరాక కొండంత అన్నం, దాంట్లో ఎర్రటి కారం. అదీ మొదటి ముద్ద బయటికి తీసుకుపోయి లారీకి పెట్టి వచ్చాకే. "దాని కడుపు నిండితేనే మన కడుపు నిండేది" అనేవాడు. చీమలు బాగుపడ్డాయి.

ఒకసారి మిర్యాలగూడ మిల్లులో బస్తాలు ఎక్కిస్తుంటే నెత్తురు కక్కుకున్నాడు. అక్కడే మా ఆడబిడ్డ ఇల్లు. ఆమె ఏడ్చుకుంటూ కబురు చేస్తే మా ఆయన పోయి తీసుకొచ్చి దవాఖానలో చూపించాడు. డాక్టరు బావగారికి చెప్పి లాభం లేదనుకున్నాడేమో, మా ఆయనకే చెప్పాడు.

"కారం, పులుపు, చాయ్, బీడీ అన్నీ బంద్. కడుపు ఖాళీ పెట్టొద్దు. జరజర తినాలె, మాటిమాటికి తినాలె. గిట్లనే తిరిగితే లోపల తెగి ఒకనాడు దారిలనే ఖతం అయితడు. మళ్ల నాకాడికి తేవద్దు."

మా ఆయన ఇంటికొచ్చి ఆ మాటలు అప్పజెప్పి, "ఇగ ఎట్లనో నువ్వే సూడు" అని తన దుకాణానికి పోయాడు. నేనే చూశాను.

మర్నాడు పొద్దున బావగారు వాకిట్లో చెప్పులు తొడుక్కుంటున్నాడు. నేను వంటింటి గడప లోపల నీళ్లకుండ ముందు నిలబడ్డాను.

"ఓ కుండా, లారీకి బొగ్గు ఎప్పుడెయ్యాల్నో తెలుస్తది గని, మనిషికి కూడు ఎప్పుడెయ్యాల్నో తెల్వదా?"

వాకిట్లో తువ్వాల దులిపిన చప్పుడు.

"తువ్వాలా, లారీ ఆగితే అన్నీ ఆగుతయి. మనిషి ఆగితే ఇంకో డ్రైవరొస్తడు."

"కుండా, లారీకి ఇంకో డ్రైవరొస్తడు. ఈ ఇంటికి ఇంకో పెద్దమనిషి యాడికెల్లొస్తడో అడుగు."

తువ్వాల మళ్లీ భుజం ఎక్కింది. ఇదే అదను అనుకుని, గోడ చాటునుంచి డబ్బాల మూట గడప అవతలకు జరిపాను. చిన్నచిన్న ఇత్తడి డబ్బాలు, నా పుట్టింటివి.

"కుండా, లారీకి బొగ్గేసినప్పుడల్లా ఒక డబ్బా. లారీ తిన్నంకనే మనిషి తినాలె, మనిషి తిన్నంకనే లారీ నడవాలె. దాని మీద ఒట్టు."

లారీ మీద ఒట్టు పెడితే ఆ మనిషి దాటలేడని నాకు తెలుసు. మూట తీసుకుని పోయాడు.

ఇక నా పని చూడాలి. తెల్లవారకముందే లేచి అన్నం మెత్తగా వార్చకుండా వండి, వేడి చల్లారాక పాలు పోసి, ఇంత పెరుగు చుక్క తోడు వేసేదాన్ని. మధ్యాహ్నానికి అది పులుపు లేని కమ్మటి పెరుగన్నం అయ్యేది. ఒక డబ్బాలో అది, ఒక దాంట్లో పెసరకట్టు కలిపిన అన్నం, ఒక దాంట్లో ఉడకబెట్టిన సొరకాయో బీరకాయో, ఒక దాంట్లో రాగి జావ. ఉప్పు ఉండీ లేనట్టు. కారం అసలే లేదు. చాయ్ బదులు ఒక సీసా నిండా పల్చటి మజ్జిగ. ఆయనకు నచ్చాయా లేదా అని అడిగే వీలు లేదు. డబ్బాలే జవాబు చెప్పాలి. ఏ వాగు దగ్గరో ఇసుకతో తోమి, తళతళలాడుతూ తిరిగి గడప మీదికి వచ్చేవి.

ఒకనాడు మాత్రం తువ్వాలతో అన్నాడు. "తువ్వాలా, సొరకాయ మాత్రం లారీ గూడ తింటలేదు."

నేను లోపల పమిట నోట్లో కుక్కుకుని నవ్వాను. సొరకాయ మానలేదనుకోండి.

అసలు అడ్డు మిర్యాలగూడలో ఎదురైంది. మా ఆడబిడ్డకు అన్న అంటే ప్రాణం. ఆ ప్రాణాన్ని మామిడికాయ పచ్చడిలో కలిపి పెట్టేది. ఒక పండగ నాడు మా ఇంటికి వచ్చినప్పుడు డబ్బాలు చూసి చెయ్యి బుగ్గన పెట్టుకుంది.

"మా అన్నకు సప్పిడి కూడు పెడ్తవా? మనింట్ల ఎవరన్న సచ్చిన్రా వదినా? సప్పిడి కూడు శత్రువుకు గూడ పెట్టరు."

"సావకుండ ఉండాల్నని పెడుతున్న."

"నా ఇంటికొస్తే ఒక్క పచ్చడి ముద్ద పెడ్త. ఒక్క ముద్దకు ఏం గాదు."

"ఆ ఒక్క ముద్ద దవాఖానకు పోయి డాక్టరుకు పెట్టు."

ఆమె నెల్లాళ్లు నాతో మాట్లాడలేదు. పచ్చడి ముద్ద మాత్రం పెడుతూనే ఉంది. ఆయన తింటూనే ఉన్నాడు. వడ్డించే చేతిని కాదనడం ఆ మనిషికి చేతకాదు. నా చెయ్యి చప్పిడి పెడితే చప్పిడి, చెల్లెలి చెయ్యి కారం పెడితే కారం. తిన్న నాడు పిడికిలి పక్కటెముకల కింద, చూపు ఆకాశంలో. అయినా దారి పొడుగునా తినే డబ్బాలు వాటి పని అవి చేశాయి. బుగ్గల్లో గుంటలు పూడాయి. బీడీ పూర్తిగా మానకపోయినా నా గడప ముందు కాల్చడం మానేశాడు. నేను గెలిచాననుకున్నాను.

అంతలో రోజులు పాడయ్యాయి. ఊళ్ల మీద సర్కారు మనుషుల దాడులు, అడవిలో సర్కారు మీద తిరగబడ్డ దళాలు. పగలు ఒకరి భయం, రాత్రి ఇంకొకరి భయం. రోడ్డు మీద అడ్డంగా వెదురు గడలు కట్టి నాకాలు పెట్టారు. బండి ఆపి బస్తాలు పొడిచి చూసేవాళ్లు. అడవిలో వాళ్లకు అన్నం పెట్టారని తెలిస్తే ఇళ్లు తగలబడే కాలం. పాలకీడు దిక్కు ఒక ముసలామె చద్ది మూట పట్టుకుని చేనుకు పోతుంటే, ఇంత అన్నం ఎవరికని కొట్టారని వినిపించింది. వినిపించినా, నా డబ్బాలకూ దానికీ ముడి వేసుకోలేదు. చప్పిడి అన్నానికి భయమేమిటి?

కోదాడ దగ్గర నాకాలో ఏం జరిగిందో మాకు చెప్పింది అనంతగిరి వైపు డ్రైవరు ఒకాయన. ఆనాడు ఆయన లారీ మా బావగారి లారీ వెనకే ఆగి ఉంది. ఆయన చెప్పినట్టే చెబుతాను.

జవాన్లు కేబిన్ వెతికితే సీటు కింద మూట దొరికింది. నాకా జమేదారు ఒక్కొక్క డబ్బా మూత తీయించాడు.

"గిన్ని డబ్బలు ఒక్కనికా?"

"ఒక్కనికే సాబ్. జరజర తినాలె."

జమేదారు వేలితో కాస్త అన్నం తీసి నాలుక మీద పెట్టుకున్నాడు. ఉప్పు లేదు, కారం లేదు.

"ఇది బీమారోని తిండి. బీమారోడు ఏడున్నడు? ఏ గుట్టల పండవెట్టిన్రు?"

"బీమారోన్ని నేనే సాబ్. కడుపు నొప్పి."

జవాన్లంతా నవ్వారట. ఆరడుగుల మనిషి, రోకళ్ల లాంటి చేతులు. చప్పిడి అన్నం తినాల్సినవాడు గాయపడి అడవిలో పడుకుని ఉన్నాడని వాళ్ల లెక్క. జమేదారు తన కోసం తెచ్చిపెట్టిన జొన్నరొట్టె, గిన్నెడు ఎర్రటి కారం కూర బావగారి ముందు పెట్టించాడు.

"తిను. నిజంగ బీమారోడివైతే ఇప్పుడే తెలుస్తది. లేకుంటే గూడ తెలుస్తది."

అక్కడ ఒక్కసారి కడుపు పట్టుకుని 'అమ్మా' అని ఉంటే సరిపోయేది. ఉన్న నొప్పినే ఉన్నదని చూపిస్తే వదిలేసేవాళ్లు. అనంతగిరాయన మా వాకిట్లో కూర్చుని తలకొట్టుకున్నాడు.

"ఒక్క అరుపు అరిచుంటే పోయేదండి. నేను వెనకాల నుంచి సైగ చేశాను, అరువు బాబూ అరువు అని. ఆయన నన్ను చూశాడు కూడా. అయినా గిన్నె ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, ఎడం చెయ్యి ఇక్కడ పెట్టుకుని ఆకాశం కేసి చూశాడండి. జమేదారు 'ఎట్లున్నది?' అనడిగాడు. ఆయనేమన్నాడో తెలుసా?"

నాకు తెలుసు. తలుపు చాటున నిలబడి, ఆయన చెప్పకముందే ఆ మాట నేను అనుకున్నాను.

"ఏం గాలె" అన్నాడు. రోగం లేదని తేలిపోయింది. వండింది ఎవరని అడిగారు. నేనే వండుకున్నానన్నాడు. పాలన్నం ఎట్లా తోడేస్తారో చెప్పమన్నారు. చెప్పలేకపోయాడు. తమ్ముడి ఇల్లని మాత్రం అనలేదు, కొట్టినా అనలేదు. లారీ యజమాని వచ్చి పూచీ పడేదాకా అక్కడే ఒక కొట్టంలో పడేశారు.

ఇంటికి వచ్చిన నాడు నేను పొయ్యి ముందు ఉన్నాను. గడప మీద నీడ పడితే మా ఆయనే అనుకుని తలెత్తాను. బావగారు. తువ్వాల లేదు, కుండ లేదు. ఆయన ముఖం ఎదురుగా చూడడం నాకు అదే మొదలు. కళ్లు చిన్నవి. కణత మీద గాయం.

"అమ్మా, ఇగ డబ్బలు కట్టకు" అన్నాడు. "వండింది ఎవరని మళ్ల అడుగుతరు. నాతోని మీరు గూడ పోతరు."

ఆచారం గీచారం నాకు గుర్తు లేదు. లేచి నిలబడి ముఖం మీదే అన్నాను.

"కట్టకుంటే సస్తవు గద బావా!"

"ఏం గాలె అమ్మా. ఇప్పటికైతే ఏం గాలె."

డబ్బాలు నాకాలోనే పోయాయి అనుకున్నాను. కాదు. మూట గడప మీద పెట్టి పోయాడు. అప్పుడు కూడా తోమే ఉన్నాయి.

తప్పు నాదని నేను అనుకోను. ఇరుగుపొరుగు ఒకరిద్దరు అన్నారు, అన్ని డబ్బాలు కట్టకపోతే పాయె కదా అని. వాళ్ల నోట మన్ను పడ. మనిషి ఆరోగ్యంగా తినాలని వండిన అన్నాన్ని చూసి భయపడే రాజ్యం ఉంటే, ఆ తప్పు అన్నానిదా?

తర్వాత ఆయన తిండి మళ్లీ మొదటికి వచ్చింది. పొద్దున్నే నా చేతి జావ తాగి పోయేవాడు. ఆపైన రోడ్డు మీద ఏది దొరికితే అది, దొరకకపోతే బీడీ. నాకాల దగ్గర లారీని పూటలకు పూటలు ఆపేసేవాళ్లు. బొగ్గు వేసినప్పుడల్లా ఆయన చేతులు డబ్బా కోసం సీటు కిందికి పోయేవో ఏమో, నాకు తెలియదు. బుగ్గల్లో గుంటలు మాత్రం మళ్లీ పడ్డాయి. మిర్యాలగూడ నుంచి మా ఆడబిడ్డ ఒకనాడు తనంతట తానే వచ్చింది. "వదినా, పచ్చడి పెడితే అన్న తింటలేడు. పెరుగన్నం ఉన్నదా అని అడుగుతుండు" అని వలవలా ఏడ్చింది. 

పోలీసు యాక్షన్ అయి పాత రాజ్యం పోయింది. కోదాడ నాకా గడలు పీకి ఎవరో వంటచెరుకుకు పట్టుకుపోయారట. ఆ మాట చెవిన పడ్డ మర్నాడే డబ్బాలు కట్టాను. ఎవరినీ అడగలేదు. బావగారు తీసుకుని పోయాడు. తిరిగి వచ్చినప్పుడు మూట బరువుగా ఉంది. ఒక డబ్బాలో రెండు ముద్దలు తగ్గాయి. మిగతావి పెట్టినవి పెట్టినట్టే. మొదటిసారి తోమకుండా తెచ్చాడు.

అక్కడి నుంచి మంచం దిగలేదు. దవాఖాన డాక్టరు వచ్చి చూసి, నేను అప్పుడే చెప్పాను కదా అన్నట్టు మా ఆయన వైపు చూసి వెళ్లిపోయాడు. యజమాని మనిషి వచ్చి లారీని తోలుకుపోయాడు. బియ్యం ఆగవు కదా, ఇంకో డ్రైవరు దొరికాడు.

ఒక మధ్యాహ్నం మా ఆయన దుకాణంలో ఉండగా, నేను పెరుగన్నం మెత్తగా పిసికి, తిన్నగా మంచం దగ్గరికే పోయి కూర్చున్నాను. ఎవరన్నా చూస్తే చూడనీ. ముద్ద నోటి దగ్గర పెట్టాను. ఆయన నోరు తెరవలేదు. కళ్లతో వాకిలి వైపు చూపించాడు.

"దానికి" అన్నాడు.

నేను ముద్ద పట్టుకుని బయటికి పోయాను. లారీ ఆగే చోట నేల మీద నల్లటి నూనె మరకలు, కాస్త బొగ్గు బూడిద. అంతే. ఆ బూడిద మీద ముద్ద పెట్టాను. లోపలికి వచ్చాను.

"పెట్టిన బావా."

అప్పుడు నోరు తెరిచాడు. నాలుగైదు ముద్దలు తిన్నాడు. ఇక చాలని తల తిప్పి, ఎడమ పిడికిలి పక్కటెముకల కింద పెట్టుకోబోయి, ఎందుకో చెయ్యి తీసేశాడు. నా వైపు చూశాడు.

"నొస్తున్నదమ్మా" అన్నాడు.

నా ఎరుకలో ఆయన ఆ మాట అనడం అదొక్కసారే. ఆ వారం దాటలేదు.

బస్సు టైరు బిగించడం అవుతున్నట్టుంది. నేను రాయి మీద నుంచి లేచి ఆ కుర్ర లారీ డ్రైవరు దగ్గరికి పోయాను. అన్నంలో మిరపకాయ ముక్క కూడా లేదు. పక్కన ఇంకో రెండు చిన్న డబ్బాలు ఉన్నాయి.

"ఏం బిడ్డా, సప్పిడి తింటున్నవ్?"

"షుగరు, బీపీ రెండున్నయమ్మా. మా ఇంటామె కడతది. జరజర తినాల్నట."

"దారిల ఎవరన్న ఆపి, గీ డబ్బలు ఎవరికని అడుగుతరా?"

చెయ్యి ఆపి నా ముఖంలోకి చూశాడు. ముసలమ్మకు మతి తప్పిందేమో అనుకున్నట్టున్నాడు. తర్వాత నవ్వాడు.

"అన్నం డబ్బను ఎవరడుగుతరమ్మా?"

కండక్టరు కేకలేస్తున్నాడు. ఆ పిల్లవాడు డబ్బా ఖాళీ చేసి మూత పెట్టేదాకా నేను అక్కణ్నుంచి కదల్లేదు.